శ్మశానంలో దొరికిన మైనం

పారిస్ నగరం నడిబొడ్డున, సంతను ఆనుకుని, ఇన్నోసెంట్స్ అనే శ్మశానం ఉండేది. వందల ఏళ్లపాటు ఊరి శవాలు అక్కడికే చేరాయి. పేదవాళ్లకు విడిగా గొయ్యి దక్కేది కాదు. చాలా లోతైన గొయ్యి ఒకటి తవ్వి, చవకరకం చెక్కపెట్టెల్ని ఒకదాని మీద ఒకటి, పక్కపక్కన సందు లేకుండా పేర్చుకుంటూ పోయేవారు. ఒక్కో గోతిలో వెయ్యికి పైగా పట్టేవి. 1780లో పక్కవీధిలో ఒక ఇంటి నేలమాళిగ గోడ ఆ ఒత్తిడికి కూలిపోయింది. గోతిలో ఉన్నది ఇంట్లోకి వచ్చిపడింది. దాంతో శ్మశానం మూసేశారు. కొన్నేళ్లకు అక్కడి ఎముకలను బండ్లకెత్తి, రాత్రిళ్లు తోలుకెళ్లి, నగరం కిందున్న పాత రాతిగనుల్లో సర్దారు. ఆ తవ్వకాన్ని దగ్గరుండి గమనించినవాళ్లలో ఆంత్వాన్ ఫుర్‌క్రువా అనే రసాయన శాస్త్రవేత్త ఒకడు.

తవ్వితే ఎముకలు వస్తాయనుకున్నారు, వచ్చాయి. కానీ పెద్ద గోతుల్లోని కొన్ని శవాలు ఎముకల గూళ్లు కాలేదు, కుళ్లిపోనూ లేదు. మనిషి ఆకారం అలాగే ఉంది. కండ ఉండాల్సిన చోట తెల్లగా, కాస్త బూడిదరంగు కలిసిన మెత్తటి పదార్థం. వేలితో నొక్కితే జున్నులా దిగబడుతోంది, నలిపితే జిడ్డుగా అంటుతోంది. చదువుకున్నవాళ్లు బిత్తరపోయారు గానీ గోతులు తవ్వేవాళ్లకు ఇది కొత్త కాదు. వాళ్లు దాన్ని 'కొవ్వు' అనే పిలుచుకునేవారు. విడిగా పాతిన శవం ఇలా కాదని, కిక్కిరిసిన గోతుల్లోనే అవుతుందని ఫుర్‌క్రువాకు చెప్పిందీ వాళ్లే. ఆ మాట పక్కన పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

నిజానికి ఇంకో ఆధారం అంతకు నూటపాతికేళ్ల ముందే అచ్చయి ఉంది. థామస్ బ్రౌన్ అనే ఇంగ్లిష్ వైద్యుడు 1658లో, పదేళ్ల కిందట పాతిన ఒక శవంలో ఇలాంటి పదార్థాన్ని చూసి, గట్టి సబ్బుతో పోల్చాడు. అది పోలిక మాత్రమే అనుకుని అందరూ చదివి వదిలేశారు. అది పోలిక కాదు, జవాబే.

ఫుర్‌క్రువా పదార్థాన్ని ప్రయోగశాలకు తెచ్చాడు. సున్నం కలిపితే ఘాటుగా అమ్మోనియా వాసన వచ్చింది. నీళ్లలో నలిపితే నురగ. ఆమ్లం పోస్తే తెల్లటి మైనం లాంటిది పైకి తేలింది. అంటే శవం సబ్బుగా మారింది, మామూలు సబ్బులో సోడా ఉన్నచోట ఇందులో అమ్మోనియా ఉంది. ఇంతవరకూ ఆయన అడుగు తప్పలేదు. తప్పటడుగు ఆ తర్వాత పడింది. పైకి తేలిన ఆ తెల్లటి మైనాన్ని చూడగానే ఆయనకు మరో రెండు తెల్లటివి గుర్తొచ్చాయి. ఒకటి, మనిషి పిత్తాశయంలో ఏర్పడే రాళ్లను వేడి ఆల్కహాల్‌లో కరిగించి చల్లారిస్తే పొరలు పొరలుగా మెరుస్తూ దిగే పదార్థం. రెండోది, స్పెర్మ్ తిమింగిలం తలలోంచి తీసే స్పెర్మసెటి. మూడూ తెల్లన, మూడూ జిడ్డు, మూడూ మైనంలా ఉంటాయి, మూడూ జంతువుల నుంచే వస్తాయి. లాటిన్‌లో కొవ్వుకీ మైనానికీ ఉన్న మాటలు అతికించి, మూడింటికీ కలిపి 'అడిపోసిర్' అన్నాడు. తెలుగులో చెప్పాలంటే కొవ్వుమైనం.

స్పెర్మసెటికి పేరుపొరపాట్లు అలవాటే. ఆ మాటకు తిమింగిలం రేతస్సు అని అర్థం. తల కోసి చూసిన తొలి వేటగాళ్లకు తెల్లగా చిక్కబడుతున్న ఆ ద్రవం అలా అనిపించింది. పెద్ద మగ తిమింగిలం తలలో దాదాపు 1,900 లీటర్ల దాకా ఉంటుంది. దాంతో చేసిన కొవ్వొత్తి పొగ లేకుండా, వాసన లేకుండా, నిలకడగా వెలుగుతుంది. ఎంత నిలకడ అంటే, 1860లో ఇంగ్లండ్‌లో గ్యాసుదీపాల వెలుగును కొలవడానికి చట్టం ఈ కొవ్వొత్తినే కొలబద్దగా పెట్టింది. అంత ఖరీదైన సరుకూ, శ్మశానంలో ఊరికే పుట్టే సరుకూ ఒకటేనని ఒక పెద్ద శాస్త్రవేత్త అన్నాక జనం ఊరుకుంటారా? 1794లో జార్జ్ స్మిత్ గిబ్స్ అనే ఆయన లండన్ రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు: జంతుమాంసాన్ని పారే నీళ్లలో ఉంచి స్పెర్మసెటి లాంటిదాన్ని రాబట్టానని. చచ్చిన పశువులతో తిమింగిలం కొవ్వొత్తులు! ఆలోచన పాపం బాగానే ఉంది. తప్పు ఎక్కడుందో చూపించాలంటే ముందు కొవ్వు అంటే ఏమిటో తెలియాలి. అది ఎవరికీ తెలియదు.

ఆ రోజుల్లో నమ్మకం సూటిగా ఉండేది. కొవ్వు ఒక పదార్థం. దానికి క్షారం కలిపి కాస్తే రెండూ అతుక్కుని సబ్బు. ఆమ్లం పోస్తే క్షారం విడిపోయి మళ్లీ అదే కొవ్వు. ఇది తప్పని చెప్పే సాక్ష్యాలు రెండు అప్పటికే ఉన్నాయి, విడివిడిగా, ఒకదాని ముఖం ఒకటి చూడకుండా. 1741లో ఫ్రాన్స్‌లో జోఫ్రువా అనే రసాయన శాస్త్రవేత్త ఒక సంగతి గమనించాడు. నూనె ఆల్కహాల్‌లో కరగదు. అదే నూనెతో సబ్బు చేసి, ఆ సబ్బును ఆమ్లంతో విరిచి, తేలినదాన్ని ఆల్కహాల్‌లో వేస్తే కరిగిపోతోంది! లోపలికి వెళ్లినదీ బయటికి వచ్చినదీ ఒకటి కాదన్నమాట. దీనికి ఫుర్‌క్రువా దగ్గర ఒక సమాధానం సిద్ధంగా ఉంది: కాస్తున్నప్పుడు నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది, అందుకే మారుతుంది. ఆక్సిజన్ కొత్తగా దొరికిన కాలం కదా, తెలియనిదల్లా దాని నెత్తిన వేసేవారు.

రెండో సాక్షి స్వీడన్‌లో ఒక చిన్న ఊళ్లో మందుల కొట్టు నడుపుకునే షీలే. 1779లో ఆయన పుళ్లకు వేసే పట్టీ మందు కాస్తున్నాడు: ఆలివ్ నూనె, సీసపు ఆక్సైడు, నీళ్లు. పట్టీ తయారయ్యాక మిగిలిన నీళ్లను నాలుక మీద వేసుకుంటే తియ్యగా ఉన్నాయి. సీసం కలిసిన నీళ్లను నాలుకతో పరీక్షించే ధైర్యం ఆ కాలానికే చెల్లింది. ఆయన బాదంనూనె, వెన్న, పందికొవ్వు కూడా కాచి చూశాడు. అన్నిట్లోనూ అదే తీపి. నూనె తియ్యగా ఉండదు, సీసం కలవకముందు నీళ్లూ తియ్యగా లేవు. మరి ఆ తీపి ఎక్కడిది? 'నూనెల తీపి' అని పేరు పెట్టి ఆయన తన దారిన పోయాడు.

ఇక్కడ మన పరిశోధకుడు వస్తాడు. మిషెల్ యూజీన్ షెవ్రోల్ ఫ్రాన్స్‌లోని ఆంజే ఊళ్లో పుట్టింది 1786లో, ఇన్నోసెంట్స్ గోతులు తవ్వుతున్న కాలంలో. పదిహేడేళ్లకు పారిస్ వచ్చి వోక్లాన్ అనే రసాయన శాస్త్రవేత్త దగ్గర పని నేర్చుకున్నాడు. 1811లో ఒక బట్టల కర్మాగారం వాడే మెత్తటి సబ్బు నమూనా ఆయన చేతికి వచ్చింది. పందికొవ్వు, పొటాష్ అనే క్షారం కలిపి చేసిన సబ్బు. అందులో ఏముందో చెప్పమన్నారు. ఆయన దాన్ని చాలా నీళ్లలో కలిపి వదిలేశాడు. అడుగున ముత్యపుచిప్ప లోపలిభాగంలా మెరిసే సన్నటి పొలుసులు దిగాయి. వాటికి ఆమ్లం కలిపితే వచ్చింది కొవ్వులా ఉంది గానీ కొవ్వు కాదు. లిట్మస్‌ను ఎర్రగా మారుస్తోంది. అది ఆమ్లం! కొవ్వులాంటి ఆమ్లం ఉంటుందని అంతవరకూ ఎవరూ అనుకోలేదు.

ఈ ప్రయోగం మీ వంటింట్లోనే చెయ్యొచ్చు. ఒంటిసబ్బు తురిమి వేడినీళ్లలో బాగా కరిగించండి. అందులో నిమ్మకాయ పిండండి, లేదా వెనిగర్ పొయ్యండి. పాలు విరిగినట్టు విరుగుతుంది, తెల్లటి తరకలు పైకి తేలతాయి. ఆ తరకలే కొవ్వు ఆమ్లాలు. (అన్ని బిళ్లలతోనూ రాదు. కొన్ని ఖరీదైనవాటితో నేను చేస్తే ఏమీ విరగలేదు. అవి నిజంగా సబ్బులు కావు, వాటి సంగతి వేరు.) సబ్బు కాగితం మీద టీఎఫ్‌ఎం (మొత్తం కొవ్వు పదార్థం) 76 శాతం అని ఉంటుంది చూశారా, ఆ సంఖ్య రాబట్టే పద్ధతికి పునాది కూడా ఇదే: సబ్బును కరిగించి, ఆమ్లంతో విరిచి, తేలిన కొవ్వు ఆమ్లాన్ని వేరుచేసి తూచడం. మన దేశంలో మొదటి గ్రేడు స్నానపు సబ్బుకు 76 శాతం తగ్గకూడదు. షెవ్రోల్ 1811లో చేసిన పని ఇవాళ ప్రతి సబ్బుల ఫ్యాక్టరీలో రోజువారీ పని.

ఆయన దాంతో ఆగలేదు. అసలు గొప్పతనం ఆ తర్వాతి పన్నెండేళ్ల ఓపికలో ఉంది. మనిషి కొవ్వు, గొర్రె, ఆవు, పంది, బాతు, వెన్న, డాల్ఫిన్ నూనె, ఒక్కొక్కదాన్నీ సబ్బు చేసి, విరిచి, వేరు చేశాడు. గాలి తగలకుండా కూడా సబ్బు చేశాడు, అయింది. దాంతో ఆక్సిజన్ కథ ముగిసింది. వెన్నలోంచి చెడిన వెన్న వాసన కొట్టే ఆమ్లం దొరికింది. మేకవాసన కొట్టే వాటికి లాటిన్‌లో మేక పేరు మీదుగానే క్యాప్రోయిక్, క్యాప్రిక్ అని పేర్లు పెట్టాడు. పాతబడిన వెన్న ఎందుకు కంపు కొడుతుందో అప్పుడు తెలిసింది: ఆ ఆమ్లం వెన్నలో ముందునుంచీ ఉంది, కాకపోతే దేనితోనో ముడిపడి, వాసన లేకుండా ఉంది. ముడి ఊడితే వాసన బయటపడుతుంది.

ముడి దేనితో? షీలే తీపితో. దానికి గ్రీకు మాటను బట్టి గ్లిజరిన్ అన్నాడు షెవ్రోల్. బాణలిలో నూనె మరీ కాగితే కళ్లు మండించే పొగ వస్తుంది కదా, అది ఆ గ్లిజరిన్ భాగం మాడితే వచ్చేదే.

ఇక అన్నిటికన్నా చిన్నదీ, నా దృష్టిలో అన్నిటికన్నా పదునైనదీ అయిన ఆధారం త్రాసు ఇచ్చింది. కొవ్వును తూచాడు. సబ్బు చేసి విరిచాక వచ్చిన ఆమ్లాలనూ గ్లిజరిన్‌నూ తూచాడు. రెండూ కలిపితే మొదటి కొవ్వు కంటే ఎక్కువ బరువు! ఇవాళ్టి లెక్క ప్రకారం 100 గ్రాముల స్టియరిన్ కొవ్వు విరిస్తే దాదాపు 96 గ్రాముల ఆమ్లం, 10 గ్రాముల గ్లిజరిన్ వస్తాయి. నూరు పెడితే నూటారు. ఆ ఆరూ నీళ్లు. కొవ్వు విరిగేటప్పుడు నీరు లోపలికి వెళ్లి, కొంత ఆమ్లానికీ కొంత గ్లిజరిన్‌కూ అంటుకుంటుంది. దీన్ని తిరగేస్తే: ఆమ్లమూ గ్లిజరిన్‌ లాంటి ఆల్కహాల్‌ జాతి పదార్థమూ చేతులు కలిపి, నడుమ నీటిని బయటికి వదిలేస్తే కొవ్వు. 1823 నాటి పుస్తకంలో షెవ్రోల్ ఈ పోలికను ఊహగానే చెప్పాడు. కొవ్వులు ఈథర్ల వంటివి (ఆమ్లమూ ఆల్కహాలూ కలిసినవాటిని అప్పట్లో అలాగే పిలిచేవారు) కావొచ్చు అన్నాడు. ఈ జాతికి 'ఎస్టర్' అనే పేరు 1848లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త గ్మెలిన్ పెట్టాడు.

ఇప్పుడు ఫుర్‌క్రువా మూడు తెల్లటి పదార్థాల దగ్గరికి తిరిగి వద్దాం. 1815లో అచ్చయిన వ్యాసంలో షెవ్రోల్ మూడింటినీ ఒకే పరీక్షకు పెట్టాడు: క్షారంతో కాచి, ఏమవుతుందో చూడటం. ఎలా ఉన్నాయన్నది కాదు, దేనిగా విరుగుతాయన్నదే ఆయన ప్రశ్న.

శ్మశానం మైనం క్షారం తగలగానే సబ్బు అయిపోయింది. గ్లిజరిన్ జాడ లేదు. అంటే అది కొవ్వు కాదు, అప్పటికే విరిగిపోయిన కొవ్వు. అందులో మిగిలింది ఆమ్లాలు, వాటికి అంటుకున్న అమ్మోనియా, పొటాష్, సున్నం.

తిమింగిలం మైనం మొండికేసింది. ఎంతో సేపు కాచాక గానీ లొంగలేదు. లొంగాక ఒక భాగం కొవ్వు ఆమ్లమే వచ్చింది, కానీ రెండో భాగం తియ్యటి గ్లిజరిన్ కాదు. నీళ్లలో కరగని మరో తెల్లటి గట్టి పదార్థం. దానికి ఆయన 1823 నాటికి 'ఎథాల్' అని పేరు పెట్టాడు, ఈథర్‌లో ముందు ముక్కా ఆల్కహాల్‌లో ముందు ముక్కా అతికించి. ఆ పేరులో ఆయన ఊహ దాగి ఉంది. 1836లో ద్యూమా, పెలిగో అనే ఇద్దరు అది ఆల్కహాలేనని తేల్చారు. ఇవాళ దాని పేరు సీటైల్ ఆల్కహాల్.

పిత్తాశయపు పొలుసులు? ఎంత కాచినా ఏమీ కాలేదు. సబ్బు కాలేదు, విరగలేదు. పెట్టినది పెట్టినట్టే మిగిలింది. స్పెర్మసెటి 50 డిగ్రీలలోపే కరిగిపోతుంది. ఇది కరగాలంటే దాదాపు 150 కావాలి. పైత్యానికీ గట్టిదనానికీ ఉన్న గ్రీకు మాటలు కలిపి దానికి 'కొలెస్టరీన్' అన్నాడు. ఇప్పుడు రక్తపరీక్ష కాగితం మీద మనల్ని భయపెట్టే కొలెస్ట్రాల్ అదే.

ఫుర్‌క్రువా 1809లోనే పోయాడు, ఈ తీర్పు వినలేదు. అయితే తీర్పు చెప్పినవాడూ ఒక తప్పు చేశాడు. ముత్యపు మెరుపున్న ఆ మొదటి ఆమ్లానికి గ్రీకు ముత్యం పేరు మీదుగా 'మార్గారిక్' అన్నాడు, ఒక్క పదార్థం అనుకున్నాడు. 1850లలో హైంట్స్ అనే రసాయన శాస్త్రవేత్త అది స్టియరిక్, పామిటిక్ ఆమ్లాల కలయిక అని చూపాడు. మూడింటిని విడదీసినవాడే రెండింటిని కలిపి ఒకటన్నాడు! ఆ పేరు మాత్రం చావలేదు. 1869లో మెజ్ మూరియె అనే ఆయన వెన్నకు బదులు చేసిన పదార్థానికి మార్గరిన్ అని పేరొచ్చింది. ముత్యానికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

విడదీయడం ఒక ఎత్తు, తిరిగి కలపడం ఒక ఎత్తు. 1854 నాటికి మార్సెలన్ బెర్తెలో అనే రసాయన శాస్త్రవేత్త ఆ పని చేశాడు. గ్లిజరిన్‌నూ కొవ్వు ఆమ్లాన్నీ గాజుగొట్టంలో పెట్టి, మూతి కరిగించి మూసేసి, గంటల తరబడి వేడి చేశాడు. కొవ్వు పుట్టింది. ఏ జంతువూ లేకుండా. అంతకంటే విలువైనది ఆయన చూసిన మరో సంగతి: ఒక ఆమ్లంతో మూడు రకాల కొవ్వులు వస్తున్నాయి. గ్లిజరిన్‌కు మూడు చేతులున్నట్టు. ఒక చేత్తో ఒక ఆమ్లాన్ని పట్టుకుంటే ఒక రకం, రెండు చేతులతో అయితే మరో రకం, మూడు చేతులూ నిండితే మన నూనెలూ నేతులూ. ఎథాల్‌కు ఒక్కటే చెయ్యి. అందుకే తిమింగిలం మైనంలో ఒక ఆల్కహాల్‌కు ఒక ఆమ్లం.

ఆ ఒంటిచేతి పొందికే తిమింగిలాల ప్రాణం మీదికి తెచ్చింది. స్పెర్మ్ తిమింగిలపు నూనెలో ఇలాంటి మైనపు ఎస్టర్లు ఎక్కువ. అది సులువుగా చెడదు, జిగురు కట్టదు. గడియారాల నుంచి కారు గేర్ల పెట్టెల దాకా కందెనగా వాడారు. 1970 దశకం మొదట్లో అమెరికా దాని దిగుమతిని ఆపేసింది. అప్పుడు ప్రత్యామ్నాయం కోసం వెతికితే అమెరికా, మెక్సికో ఎడారుల్లో పెరిగే హోహోబా అనే పొద గింజల్లో దొరికింది. గింజల నూనె అంటాం గానీ అది గ్లిజరిన్ లేని ద్రవమైనం. ఇప్పుడు రాజస్థాన్‌లోనూ సాగు చేస్తున్నారు.

కొవ్వొత్తుల మాటకొస్తే, షెవ్రోల్ 1825లో గే లూసాక్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి కొవ్వు ఆమ్లాలతో కొవ్వొత్తులు చేసే పేటెంటు తీసుకున్నాడు. వ్యాపారం మునిగింది. 1830లలో ద మిల్లీ అనే ఆయన సున్నంతో చవగ్గా కొవ్వును విరిచి నెగ్గుకొచ్చాడు. మాడితే కంపు కొట్టే భాగాన్ని, అంటే గ్లిజరిన్‌ను తీసేశారు కాబట్టి ఆ కొవ్వొత్తికి పొగా లేదు, వాసనా లేదు. మన భాషలో మాట చూడండి, కొవ్వు ఒత్తి. ఇవాళ్టి కొవ్వొత్తిలోని పారఫిన్‌లో కొవ్వూ లేదు, కొవ్వు ఆమ్లమూ లేదు. అది పెట్రోలియం నుంచి వచ్చింది. అయినా మాట మాత్రం నిజం చెబుతూనే ఉంది, పాత నిజం.

గోతులు తవ్వేవాళ్ల మాట దాచుకోమన్నాను. విడిగా పాతిన శవం చుట్టూ మట్టి తేమను పీల్చుకుంటుంది, కొంత గాలి ఆడుతుంది. వెయ్యి శవాల గోతిలో గాలి లేదు, తేమ ఎక్కడికీ పోదు. అలాంటి చోట బతికే సూక్ష్మజీవులు కొవ్వును నీటితో విరుస్తాయి. గ్లిజరిన్ కరిగి కొట్టుకుపోతుంది. ఆమ్లాలు ఉండిపోతాయి. కండ కుళ్లితే పుట్టే అమ్మోనియా వాటికి అంటుకుంటుంది. సబ్బు. అది ఏర్పడ్డాక మిగతా కుళ్లు మందగిస్తుంది. కాబట్టి గిబ్స్ మాంసం మైనంగా మారలేదు. మాంసం పోయి, అందులో ముందునుంచీ ఉన్న కొవ్వు విరిగి మిగిలింది.

ఇంకా ఒక్క చిక్కు ఉండిపోయింది, ఎంత కాచినా ఏమీ కాని ఆ మూడోది, కొలెస్టరీన్. 1859లో బెర్తెలో కొలెస్టరీన్‌ను ఆమ్లాలతో కలిపి వేడి చేశాడు. అది చెయ్యి చాచింది! ఆమ్లంతో కలిసి ఎస్టర్ అయింది. అంటే కొలెస్టరీన్ ఆల్కహాల్. అది క్షారానికి విరగకపోవడానికి కారణం అందులో విరగడానికి ఏమీ లేకపోవడమే. మన రక్తంలో ఉన్న కొలెస్ట్రాల్‌లో మూడింట రెండు వంతులు ఏదో ఒక కొవ్వు ఆమ్లాన్ని పట్టుకునే తిరుగుతుంది. పిత్తాశయపు రాయిలో మాత్రం ఒంటరిగా ఉంటుంది.

ఇప్పుడు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఫుర్‌క్రువా మీద నాకు కొంచెం జాలి కలుగుతుంది. శ్మశానం మైనం ఆమ్లం ఒక్కటే, జోడీ పోయింది. పిత్తాశయపు పొలుసు ఆల్కహాల్ ఒక్కటే, జోడీ లేదు. తిమింగిలం మైనం రెండూ కలిసిన ఎస్టర్. ఆయన ఒకటే అన్న మూడూ ఒకటి కాదు గానీ, ఒకే ముడికి ఈ కొసా, ఆ కొసా, నడుమ ముడీ.

మా ఇంట్లో చలికాలం ఒంటికి రాసుకునే క్రీము డబ్బా ఒకటుంది. వెనక సన్న అక్షరాల్లో దినుసుల జాబితా. స్టియరిక్ ఆమ్లం, సీటైల్ ఆల్కహాల్, కొలెస్ట్రాల్. తెల్లగా, జిడ్డుగా, మైనంలా ఉంటుంది.